ఐదు బిందెల నీళ్ళు

మా అమ్మాయి సరుకులు మోసే వ్యాను ఒకటి కొన్నదనీ, దానినే ఇల్లుగా మార్చుకొని అందులో ఉండబోతున్నదనీ తెలిసిన రోజున మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. అది 2023 ఆగస్టు మాసం. ఫోను పెట్టేసిన తరువాత నా అర్ధాంగి చాలాసేపు గోడవైపు చూస్తూ కూర్చొని, చివరికి ఒకే మాట అన్నది: "మీరు వెళ్ళి దానికి నచ్చజెప్పి రండి. అంత దూరం పంపి చదివించింది బండిలో కాపురం పెట్టడానికా?"

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. అంత సుదీర్ఘ ప్రయాణం ఆమె వల్ల కాదు. కనుక రాయబారం నా మీద పడింది. నేను అనంతపురం జిల్లాలో 32 సంవత్సరాలపాటు ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎంతటి మొండివాణ్ణయినా తర్కంతో ఒప్పించగలనన్న నమ్మకం నాకుండేది. ఆ నమ్మకంతోనే అక్టోబరు మొదటి వారంలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టూసాన్ నగరంలో దిగాను.

మా అమ్మాయి ఫిజియోథెరపిస్టు. ఆ దేశంలో ఆ వృత్తివారికి ఒక వెసులుబాటు ఉన్నది. ఒకే ఆసుపత్రిలో స్థిరపడకుండా, మనుషుల కొరత ఎక్కడ ఉంటే అక్కడికి సాధారణంగా 13 వారాల ఒప్పందం మీద వెళ్ళవచ్చు. గడువు తీరగానే మరో ఊరు. జీతానికి లోటు లేదు, ఇంటితోనే ఇబ్బంది. మూడు నెలలకు ఇల్లు అద్దెకిచ్చేవారు తక్కువ. ఇచ్చేవారు అడిగే అద్దె ఎక్కువ. రెండేళ్ళ క్రితం ఆమె వైవాహిక జీవితం ముగిసిపోయింది. ఆ వివరాలు ఇక్కడ అనవసరం. అప్పటినుండి ఆమె ఆరు ఊళ్ళలో ఏడు ఇళ్ళు మారింది. మారినప్పుడల్లా మాకు కొత్త చిరునామా పంపేది. మా ఆవిడ దానిని క్యాలెండరు వెనుక రాసుకొని, పాతదానిని కొట్టివేస్తూ ఉండేది.

ఆ వ్యానును ఒక స్నేహితురాలి ఇంటి వాకిట నిలిపి ఉంచింది. రామ్ ప్రోమాస్టర్ అనే రకం. ఐరోపాలో ఫియట్ డుకాటో పేరుతో తిరిగే బండికి అమెరికా రూపం. అంతకుముందు ఎవరి దుకాణానికో సామాన్లు మోసిందట. వెనుక తలుపులు తెరిచి చూశాను. లోపల కిటికీ లేదు, కూర్చునే పీట లేదు. ఖాళీ రేకు డబ్బా. వేలితో కొడితే డోలులా మోగింది. ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. వెడల్పు ఆరడుగులకు కొంచెం పైన.

"నిలబడవచ్చు, అడ్డంగా పడుకోవచ్చు. ఇంకేం కావాలి నాన్నా?" అన్నది.

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. పరాయివాళ్ళ వాకిట్లో నిలబడి కన్నీరు పెట్టడం బాగుండదని దగ్గుతున్నట్టు నటించాను.

మూడు రోజులు నచ్చజెప్పాను. ఒంటరి ఆడపిల్ల భద్రత అన్నాను, బంధువులు ఏమనుకుంటారన్నాను, చలి, ఎండ, జబ్బు అన్నాను. ఆమె దేనినీ ఖండించలేదు. అన్నిటినీ విని, మజ్జిగన్నంలోకి మాగాయ వడ్డించేది. రోజూ మా ఆవిడ ఫోనులో "చెప్పారా?" అని అడిగేది. "చెబుతున్నాను" అనేవాణ్ణి. నాలుగవ రాత్రి భోజనాల తరువాత అమ్మాయి ఒక గీతల కాగితం నా ముందు పరిచింది. బండి లోపలి అమరిక అంతా దానిమీద కొలతలతో గీసి ఉన్నది.

"నాన్నా, బ్యాటరీ దగ్గరినుండి ఫ్రిజ్‌కు తీగ 16 అడుగులు పోవాలి. ఎంత మందం తీగ తీసుకోవాలో నాకు సరిగా తేలడం లేదు. నువ్వు చూస్తావా?"

ఉపాధ్యాయుణ్ణి పడగొట్టడానికి ఇంతకంటె సులువైన ఉపాయం లేదు. పెన్సిలు తెమ్మన్నాను.

మన ఇళ్ళకు విద్యుత్తు 230 వోల్టుల వద్ద వస్తుంది. బండిలోని బ్యాటరీ 12 వోల్టులది. అంటే అదే పని జరగడానికి తీగలో దాదాపు 19 రెట్ల ప్రవాహం కావాలి. తీగలో వేడి రూపంలో వృథా అయ్యే శక్తి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని నేను ఎన్ని వేలమంది చేత వల్లె వేయించానో! ఆ లెక్కన ఒకే తీగలో నష్టం 360 రెట్లు దాటుతుంది. ఇంట్లో దీపానికి వాడే సన్నని తీగను ఇక్కడ వాడితే తీగే పొయ్యి అవుతుంది. 1500 వాట్ల ఇండక్షన్ పొయ్యి పెట్టాలని అమ్మాయి ఆలోచన. అది బ్యాటరీనుండి 125 ఆంపియర్లకు పైగా లాగుతుంది. దానికి చిటికెన వేలికంటె లావైన రాగి తీగ కావాలి. ఎక్కడైనా ఒరిపిడికి తీగ పై తొడుగు చిరిగి రేకుకు తగిలితే మంట పుట్టకుండా, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. ఈ సూత్రాలన్నీ నల్లబల్ల మీద 32 ఏళ్ళు రాశాను. వాటి మీద ఒక మనిషి నిద్ర, అందునా నా కూతురి నిద్ర ఆధారపడి ఉండటం ఆ రాత్రే చూశాను. లెక్క పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది. రాయబారం సంగతి అప్పటినుండి వెనుకబడిపోయింది.

ఆమె పగలు ఆసుపత్రికి వెళ్ళేది. సాయంత్రాలూ, సెలవు రోజులూ బండి పని. నేను పగలంతా కొలతలు సరిచూసేవాణ్ణి. ముందుగా చేసినది గోడలకు ఉష్ణనిరోధకం పెట్టడం. రాత్రివేళ రేకు చల్లబడుతుంది. లోపల నిద్రించేవారి ఊపిరిలోని తేమ ఆ చల్లని రేకును తాకి నీటి బిందువులుగా మారుతుంది. కనపడని చోట చేరిన ఆ నీటితో తుప్పు, బూజు మొదలవుతాయి. అందుకోసం ఆమె గొర్రె ఉన్ని పరుపులు తెప్పించింది. ఉన్ని తన బరువులో సుమారు మూడోవంతు తేమను పీల్చుకొని కూడా చేతికి తడిగా తగలదు. గాలి ఆడగానే ఆ తేమను విడిచిపెడుతుంది. మా ప్రాంతంలో కురుబలు నేసిన కంబళి కప్పుకొని జడివానలో మంద వెంట నడిచే కాపరికి ఈ సంగతి ఎవరూ బోధించనక్కరలేదు. ఆ ఉన్నినే గోడల సందులలో కూరుతూ ఉంటే నా చిన్ననాటి గొర్రెల వాసన ముక్కుకు తగిలింది.

పైకప్పుకు 14 అంగుళాల చదరంగా రంధ్రం కోసి గాలి పంకా అమర్చాము. కొత్త ఇంటి కప్పుకు మన చేతులతో మనమే చిల్లి పెట్టడానికి గుండె దిటవు కావాలి. రంపం ఆమే పట్టుకున్నది. చెక్కపని గురించి నేను చెప్పగలిగినది, నా బొటనవేలి గోరు నల్లబడిందన్న ఒక్క విషయమే.

నీటి సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. మంచం కింద 20 గ్యాలన్ల తొట్టి పెట్టాము. అంటే సుమారు 76 లీటర్లు. ఆ అంకె వినగానే నేను మనసులో బిందెల్లోకి మార్చుకున్నాను. కళ్యాణదుర్గం సమీపంలోని మా పల్లెలో మా అమ్మ మోసిన బిందెలో 15 లీటర్లు పట్టేవి. ఐదు బిందెలన్నమాట. ఎండాకాలంలో ఊరి బావి అడుగంటితే చేనిబావి దగ్గరికి నడిచి వెళ్ళి, ఆరుగురున్న మా ఇంటికి రోజుకు ఐదు బిందెలే తెచ్చేది. ఏ నీరు దేనికో ఆమెకు లెక్క ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలోకి, ముఖం కడిగిన నీళ్ళు కరివేప మొక్క పాదులోకి. అంట్లు ముందు బూడిదతో తోమి, ఆ తరువాతే నీరు చూపించేది. మేము చెంబు నిండుగా ముంచితే "ముక్కాలు చాలదా?" అనేది. ఆ మాట పిసినారితనంగా తోచి నాకు కోపం వచ్చేది. ఉద్యోగం వచ్చి పట్టణంలో కుళాయి ఉన్న ఇంట్లో కాపురం పెట్టాక ఆ లెక్కను పూర్తిగా మరచిపోయాను.

మా అమ్మాయి తన నానమ్మను ఎరగదు. అయినా బండి గోడకు అంటించిన కాగితం మీద ఆమె లెక్కే రాసుకున్నది. తాగడానికి ఇంత, వంటకు ఇంత, స్నానానికి ఒక చిన్న బకెట్టు. వాడిన నీరు బయట నేలమీద పారబోయడం చాలాచోట్ల నిషిద్ధం. దానికి వేరే తొట్టి. మరుగుదొడ్డి కూడా చిన్న పెట్టెలాంటిదే. దాని అడుగున బయటికి లాగే పాత్ర ఉంటుంది. దానిని కేటాయించిన స్థలాలలో మాత్రమే ఖాళీ చేయాలి. ఈ పనిని ఎవరో వచ్చి చేసిపోరు. మన ఇళ్ళలో గొలుసు లాగి మరచిపోయే సంగతిని ఇక్కడ మనమే చేతులతో మోసుకుపోవాలి. మొదటిసారి ఆ పాత్రను నేనే తీసుకువెళ్ళాను. అందువల్ల నాకు చిన్నతనమేమీ కలగలేదు. ఇన్నేళ్ళూ ఆ పని మన కోసం ఎవరెవరు చేశారో అన్న ఆలోచన మాత్రం చాలాసేపు వదలలేదు.

ఇక విద్యుత్తు. కప్పు మీద 200 వాట్ల సౌరఫలకాలు రెండు. లోపల 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు. ఈ రెండింటిలో నిండుగా ఉన్నప్పుడు నిలవ ఉండేది సుమారు 2560 వాట్-అవర్లు. మన కరెంటు బిల్లు భాషలో చెబితే రెండున్నర యూనిట్లు. ఫ్రిజ్, దీపాలు, పంకా, వంట, ఫోను అన్నీ ఇందులోనే. పైగా కప్పుమీద బల్లపరుపుగా పడుకున్న ఫలకానికి చలికాలపు ఎండ ఏటవాలుగా తగులుతుంది. డిసెంబరు చివర టూసాన్‌లో నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజానికి 34 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దాని సైన్ విలువ 0.56. అంటే నిటారుగా ఎండ పడితే వచ్చే దానిలో సగానికి కాస్త పైన. అదే రోజున అనంతపురంలో 0.79. మా ఊరి ఎండను జీవితమంతా తిట్టుకున్నవాణ్ణి, ఆ అంకె చూసి కొంచెం గర్వపడ్డాను.

ఇక్కడే నేను ఒక తప్పు చేశాను. ప్రయోగశాలలో నేను చూసుకున్నవన్నీ లెడ్ యాసిడ్ బ్యాటరీలు. ఛార్జి చేసేటప్పుడు వాటినుండి హైడ్రోజన్ వెలువడుతుంది. నిప్పురవ్వ తగిలితే ప్రమాదం. పడుకునే చోట వాటిని ఉంచకూడదని నా గట్టి పట్టుదల. అందువల్ల బ్యాటరీలను వెనుక తలుపుల దగ్గర, ఉన్ని లేని భాగంలో, ప్లైవుడ్ గోడకు అవతల పెట్టించాను. వాయువు పోవడానికి అడుగున ఒక రంధ్రం కూడా చేయించాను.

"ఇవి ఆ రకం కావు నాన్నా. మామూలుగా వీటిలోనుంచి వాయువు రాదు" అన్నది అమ్మాయి.

"నాకు తెలుసులేమ్మా" అన్నాను. నిజానికి నాకు తెలియదు. నా మాట తీసివేయడం ఇష్టం లేక ఆమె ఊరుకున్నది.

డిసెంబరు మూడవ వారంలో బండి సిద్ధమయింది. పరీక్షించడానికి మౌంట్ లెమ్మన్ అనే పర్వతం మీదికి బయలుదేరాము. అది టూసాన్‌కు గంటన్నర లోపు దూరమే. కింద మనిషికి నాలుగైదింతలు ఎత్తున చేతులెత్తి నిలుచున్న సగువారో నాగజెముడు చెట్లు. మలుపులు తిరుగుతూ పైకి పోయేకొద్దీ దేవదారు జాతి వృక్షాలు. ఒక్క పూటలో ఎడారినుండి హిమాలయపు అంచులకు పోయినట్టుంటుంది. సుమారు 2400 మీటర్ల ఎత్తున, బస చేయడానికి అనుమతి ఉన్నచోట బండి ఆపాము.

మొదటి రోజే మబ్బు పట్టింది. చలికి వేడివేడి ముద్దపప్పు, నెయ్యి తినాలనిపించి వంట నేను చేస్తానన్నాను. కుక్కరు తేవడం మరచిపోయాము. గిన్నెలోనే కందిపప్పు పెట్టాను. అరగంట అయింది, గంట అయింది. పప్పు గింజ గింజగానే ఉన్నది. ఎత్తుకు పోయేకొద్దీ వాయుపీడనం తగ్గి నీరు తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుందని, ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుందని తరగతిలో చెప్పిన పెద్దమనిషిని నేనే. ఆ లెక్కన అక్కడ నీరు 92 డిగ్రీలకే మరుగుతున్నది. ఎంత మంట పెంచినా ఆవిరి ఎక్కువవుతుందే తప్ప వేడి పెరగదు. రెండు గంటల తరువాత సగం ఉడికిన పప్పు తిన్నాము. గోడమీది మీటరు చూస్తే బ్యాటరీలో సగంకంటె తక్కువ మిగిలింది. రెండవ రోజూ మబ్బే. ఫలకాలనుండి వచ్చింది ఫ్రిజ్‌కు కూడా చాలలేదు.

ఆ రాత్రి మూడు గంటలకు నాకు మెలకువ వచ్చింది. మెలకువ తెప్పించింది నిశ్శబ్దం. బండిలోని హీటరు పెట్రోలుతో మండుతుంది గాని, దాని పంకాకూ పంపుకూ బ్యాటరీ కావాలి. ఛార్జి పది శాతానికి దిగడంతో అది తనంతట తానే ఆగిపోయింది. బయట మైనస్ 7 డిగ్రీలు. అమ్మాయి తన రజాయి కూడా నా మీద కప్పింది. వద్దంటే వినలేదు. చీకటిలో ఆమె పళ్ళు టకటకలాడటం వినిపిస్తున్నది. వెలుతురులో రెండున్నర నెలలు అడగలేని మాట అప్పుడు అడిగాను.

"ఇది నీ ఇష్టమా అమ్మా, గత్యంతరం లేకనా?"

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. "మొదట గత్యంతరం లేకే నాన్నా" అన్నది. "ఏడో ఇంటి తాళం తిరిగి ఇచ్చేశాక ఇంకో తాళం తీసుకోవడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు మాత్రం ఇష్టమే. ఈ గోడలో ఏమున్నదో నాకు తెలుసు. ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలుసు. ఏదైనా చెడిపోతే ఎందుకు చెడిందో తెలుసుకోగలను." కాసేపు ఆగి, "ఆ ఇంట్లో అది తెలియలేదు" అన్నది.

ఏ ఇంట్లో అని నేను అడగలేదు.

తెల్లవారింది. ఆకాశం కడిగిన అద్దంలా ఉన్నది. ఫలకాలమీద ఎండ పడుతున్నది. అయినా మీటరులో ఛార్జి సున్న. తీగలు చూశాను, ఫ్యూజు చూశాను, అన్నీ సరిగానే ఉన్నాయి. ఆమె బ్యాటరీతో వచ్చిన పుస్తకం తీసి చదివింది. ఆ రకం బ్యాటరీని సున్న డిగ్రీలకంటె తక్కువ చలిలో ఛార్జి చేయకూడదు. చేస్తే లిథియం లోహం రుణఫలకంమీద పేరుకొని ఘటం పాడవుతుంది. అందుకని దానిలోని రక్షణ వలయం ఛార్జిని రానివ్వదు. అంత చలిలోనూ వాడుకోనిస్తుంది గాని, నింపుకోనివ్వదు. బ్యాటరీలను ఉన్నిలేని మూలకు పంపినదీ, వాటికింద రంధ్రం చేయించి రాత్రంతా చలిగాలి తగిలేటట్టు చేసినదీ నేనే. తప్పు నాదని అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఒప్పుకోవడానికి కొంచెం పట్టింది.

ఇంజను వేస్తే ముందుభాగం వేడెక్కుతుంది గాని, ప్లైవుడ్ గోడ దాటి ఆ వేడి వెనక్కు రాదు. నేను కాగితం తీసుకున్నాను. రెండు బ్యాటరీల బరువు సుమారు 25 కిలోలు. వాటి విశిష్టోష్ణం నీటిలో దాదాపు నాలుగోవంతు. మైనస్ 4 నుండి 4 డిగ్రీలకు తేవాలంటే సుమారు 200 కిలోజౌళ్ళు కావాలి. 80 డిగ్రీల నీరు రెండు లీటర్లు 40 డిగ్రీలకు చల్లబడితే 336 కిలోజౌళ్ళు ఇస్తుంది. కొంత గాలిలో కలిసిపోయినా చాలుతుంది. మీరు ప్రయోగశాలలో కెలోరిమీటరుతో చేసే మిశ్రమాల పద్ధతే ఇది. అత్యవసరానికని ఉంచుకున్న చిన్న ప్రొపేన్ పొయ్యిని బండి బయట రాతిమీద పెట్టి నీళ్ళు కాచాము. మూసిన బండిలో మంట పెడితే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. ఆమె వృత్తి రీత్యా వేడినీళ్ళ రబ్బరు సంచులు రెండు ఎప్పుడూ వెంట ఉంటాయి. రోగుల నడుములకు పెట్టినట్టే వాటిని బ్యాటరీలకు ఆనించి, రజాయి చుట్టి, అడుగు రంధ్రంలో నా పాత మఫ్లరు కుక్కాము. ఇద్దరమూ మీటరు ముందు కూర్చున్నాము.

గంటకు పైగా ఏమీ జరగలేదు. తరువాత ఆ సున్న కదిలింది. 4 ఆంపియర్లు. 9. 11. మా అమ్మాయి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పదవ తరగతి ఫలితాల రోజున కూడా ఆమె అలా చప్పట్లు కొట్టలేదు.

టూసాన్‌కు తిరిగి రాగానే బ్యాటరీలను మంచం పక్కన, ఉన్ని గోడల లోపలికి మార్చాము. అడుగు రంధ్రాన్ని రేకు ముక్కతో మూసివేశాము. ఆ పని నేనే చేశాను. సాయంత్రం ఇంటినుండి ఫోను వచ్చింది. "చెప్పారా?" అని అడిగింది మా ఆవిడ. నేను పప్పు ఉడకని సంగతి చెప్పాను. ఆమె నవ్వింది. ఆగస్టు తరువాత ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. "నూటికి నూరు మార్కులు వేసే మాస్టారుకు కుక్కరు గుర్తుకు రాలేదా? దానికి చిన్న కుక్కరొకటి కొనివ్వండి" అన్నది.

జనవరిలో అమ్మాయి నన్ను అదే రాష్ట్రంలోని క్వార్ట్‌జ్‌సైట్ అనే ఎడారి ఊరికి తీసుకువెళ్ళింది. చలికాలంలో అక్కడి ప్రభుత్వ భూముల్లో వేలకొద్దీ బండి ఇళ్ళు దిగుతాయి. లక్షల డాలర్ల బండ్లు ఒకవైపు. వాటి పక్కనే అద్దాలకు అట్టలు అంటించుకున్న పాత వ్యాన్లు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇళ్ళు పోగొట్టుకొని చక్రాల మీదికి వచ్చినవారు వీరిలో ఎందరో ఉన్నారు. 2020లో వచ్చిన 'నోమాడ్‌లాండ్' చిత్రం ఇలాంటివారి కథే. మా పక్కన ఒక వృద్ధురాలు దిగింది. వయసు డెబ్భై దాటి ఉంటుంది. మా ఫలకాలు చూసి మెచ్చుకొని, తన దగ్గర ఒకటే ఉన్నదని చెప్పింది. సాయంత్రం ఆరింటికే దీపం ఆర్పేసేది. ఆమె బండిలోని లెక్కా, మా అమ్మాయి బండిలోని లెక్కా ఒకటే. అయితే మా అమ్మాయి కావాలనుకున్న రోజున ఒక ఇంటికి తిరిగి పోగలదు; ఆమెకు ఆ దారి లేదు. ఈ సంగతి మరచి ఈ జీవితాన్ని పొగిడేవారి మాటలు నాకు రుచించవు.

పైగా 'స్వయంసమృద్ధం' అన్న మాటను కొంచెం జాగ్రత్తగా వాడాలనిపిస్తుంది. నీరు ఎక్కడో పట్టుకోవాలి, మలినాలు ఎక్కడో విడవాలి, పెట్రోలు కొనాలి. ఉత్తరాలు రావడానికి స్నేహితురాలి చిరునామా కావాలి. ప్రభుత్వ భూములలో చాలాచోట్ల 14 రోజులకు మించి ఉండనివ్వరు; ఎన్నో నగరాల్లో వీధిలో బండి ఆపి నిద్రించనివ్వరు. మన దేశంలోనైతే 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, కొన్న బండిని ఇష్టం వచ్చినట్టు మార్చుకునే వీలే లేదు.

ఫిబ్రవరి చివర నేను తిరిగి వచ్చేశాను. అమ్మాయి మార్చిలో న్యూ మెక్సికో రాష్ట్రంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి మారింది. ఈసారి కొత్త చిరునామా పంపలేదు. దానికి బదులు రోజూ పని ముగించుకొని వచ్చాక రెండు అంకెలు పంపుతుంది. మొదటిది బ్యాటరీలో ఉన్న ఛార్జి శాతం, రెండవది తొట్టిలో మిగిలిన నీటి లీటర్లు. అక్కడి సాయంకాలం మనకు మరునాటి తెల్లవారు కనుక, కాఫీవేళకు ఆ అంకెలు చేరుతాయి. మా ఆవిడ వాటిని క్యాలెండరు వెనుక, కొట్టివేసిన చిరునామాల కింద రాసుకుంటుంది. 90 దాటితే ఏమీ మాట్లాడదు.

ఒకరోజు 38 అని వచ్చింది. ఆమె కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు సవరించుకొని మళ్ళీ చూసింది.

"అక్కడ మబ్బు పట్టినట్టుంది" అన్నది. "ఇవాళ పప్పు పెట్టుకోవద్దని చెప్పండి."